సున్నాకి ఇరవై మార్కులు

కందిరీగ వస్తోందంటే హోముల్లో ముందు కడిగేవి మరుగుదొడ్లు. ఆ తర్వాత గోడలు. ఇంకా టైముంటే ముసలివాళ్ళు.

కందిరీగ అంటే పురుగు కాదు, మనిషే. వయసు మళ్ళినవాళ్ళని పెట్టుకుని చూసుకునే హోములకి వెళ్ళి, అక్కడ తిండీ మందూ మంచమూ సరిగా ఉన్నాయో లేదో చూసి మార్కులు వేసే అధికారిణి. ఇరవయ్యేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా నలిగి, పదేళ్ళ కిందట ఈ ఉద్యోగంలోకి వచ్చింది. ఆ పేరు పెట్టింది హోముల మేనేజర్లు. అది చెవిన పడ్డప్పుడు ఆవిడకి కోపం రాలేదు సరికదా, "ఈగ అనలేదు, నయం" అనుకుంది.

ఆవేళ ఆవిడ మొదటిసారిగా వెళ్ళిన హోముకి వరసగా రెండేళ్ళు మొదటి ర్యాంకు. గుమ్మంలోనే ఒక బోర్డు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ప్రమాదాల లెక్క రాసి పెడతారే, అలాంటిది. "మా భవనంలో ఎవరూ కింద పడిపోకుండా గడిచిన రోజులు" అని పెద్ద అక్షరాలు, కింద నల్ల అట్టముక్కల మీద 427. ఆ అంకెని పొద్దున్నే మార్చడం మేనేజరుగారి స్వహస్త సేవట. దేవుడి పటానికి పూలు మార్చినంత శ్రద్ధగా మారుస్తాడని రిసెప్షన్లో అమ్మాయి గర్వంగా చెప్పింది.

మేనేజరు చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. మెడకి టై, ముఖానికి నవ్వు, రెండూ బిగించే ఉన్నాయి. "రండి మేడమ్! మా అతిథులంతా మీకోసమే ఎదురుచూస్తున్నారు."

"అతిథులా? ఎన్నాళ్ళుండి వెళతారేం?"

నవ్వు కొంచెం వదులైంది కానీ ఊడలేదు. ముందుగా చిన్న ప్రెజెంటేషన్ అన్నాడు. చిన్నదంటే నలభై రెండు స్లైడ్లు. మూడోదానికే కందిరీగ లేచి నిలబడింది. మూడో స్లైడ్లో ఒక ముసలాయన సూర్యాస్తమయాన్ని అరచేతిలో పట్టుకున్న ఫొటో ఉంది. "మిగతావి మీరు రిటైరయ్యాక తీరిగ్గా చూసుకోండి. నాకు మనుషుల్ని చూపించండి" అంది.

చూపించారు. అంతకుముందు చేపల తొట్టి చూపించారు, కుట్టుపని గది చూపించారు, అందులో సూదులు తప్ప అన్నీ ఉన్నాయి. అభిప్రాయాల పుస్తకం చూపించారు. ఇరవైమంది పెద్దలు ఇరవై రకాలుగా పొగిడారు గానీ, అందరి అక్షరాలూ ఒకే వైపుకి వాలాయి.

"అందరికీ ఒకే బళ్ళో చదువా?" అంది కందిరీగ.

"కళ్ళు ఆనవు కదా మేడమ్. వాళ్ళు చెబితే మా రిసెప్షనిస్టు రాస్తుంది."

"వాళ్ళు చెబితే రాస్తుందా, రాసి వాళ్ళకి చెబుతుందా?"

మేనేజరు ఆ మాట విననట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పుస్తకం ముయ్యడం మాత్రం గబగబా మూసేశాడు.

అయినా, చెప్పొద్దూ, ఆవిడకి మింగుడుపడని సంగతొకటుంది. ఎక్కడా తప్పు దొరకడం లేదు. మందుల బీరువాకి తాళం ఉంది, తాళంచెవి నర్సు మెడలో ఉంది. వేడినీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా లేవు. ఫ్రిజ్‌లో పాలు నిన్నటివి కావు. పక్కల మీద దుప్పట్లు పొడిగా ఉన్నాయి. వీపులు చూసింది, పుళ్ళు లేవు. తప్పు దొరకని రోజున కందిరీగకి అన్నం సహించదు. "ఇంత శుభ్రంగా ఉందంటే ఏదో ఒకటి కుళ్ళే ఉంటుంది" అని ఆవిడ సిద్ధాంతం. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా పెద్దలు!

ఇక మిగిలింది కింది అంతస్తు వెనకవైపు పెద్ద హాలు. మేనేజరు ముందు, ఆయన వెనక హోములో అందరికన్నా పాతదైన పెద్ద ఆయా, ఆ వెనక కందిరీగ. పెద్ద ఆయా గొంతు లోటాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంటుంది, మనసు మంచిదే.

హాల్లో పదకొండుమంది రెండు వరసల్లో కూర్చుని ఉన్నారు. అందరివీ ఒకే రకం కుర్చీలు. మెత్తవి, వెనక్కి వాలేవి. ముందు మాత్రం అడ్డంగా ఒక చెక్కపలక, దాని గడియ కుర్చీ వీపు వైపు. కూర్చున్నవాళ్ళ చెయ్యి అక్కడికి పోదు. పలక మీద ఒక్కొక్కరికీ ఒక నీళ్ళగ్లాసు, ఒక రంగుల పుస్తకం. పలకరిస్తే తలెత్తి నవ్వారు. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ అరవడం లేదు. ఒంట్లో మందు మత్తూ లేదు, కందిరీగ కనురెప్పలు చూసి మరీ రూఢి చేసుకుంది.

అప్పుడు ఆవిడ తన పాత విద్య బయటికి తీసింది. అది ఎవరికీ చెప్పలేదు, చెబితే మర్నాడే హోములవాళ్ళు దానికీ ఏర్పాటు చేసుకుంటారు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ దగ్గర కింద కూర్చుని, ఆవిడ కాలి చెప్పు మెల్లగా తీసి తిరగేసింది. జారకుండా అడుగున రబ్బరు గీతలుండే మెత్తటి చెప్పు. అవి అందరికీ ఇవ్వాలని రూలు. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొట్లోంచి పొద్దున తెచ్చినట్టు. పక్కాయనది తిరగేసింది. అంతే. ఆ పక్కది. అంతే.

"వీళ్ళకి ఈమధ్య కొత్త చెప్పులు ఇచ్చారా?"

"లేదు మేడమ్. చేరినప్పుడిచ్చినవే" అంది పెద్ద ఆయా. "ఈవిడ వచ్చి పద్నాలుగు నెలలు దాటింది. మార్చాల్సిన పనేముంది, అరిగితేగా!"

ఆ చివరి మాట ఆయా గొప్పగా అంది. పొదుపు ఇల్లాలు తన గిన్నెలకి సొట్టలు లేవని చెప్పుకున్నట్టు.

కందిరీగ లేచి నిలబడింది. దొరికింది! ఒళ్ళు మండింది, లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. వయసు మళ్ళిన కాలికి వాడకమే మందు అని వార్డుల్లో అందరికన్నా ముందు ఆయాలకే తెలుస్తుంది. కొన్ని వారాలు కూర్చోబెడితే తొడ కండ కరిగిపోతుంది. నెలలు కూర్చోబెడితే మోకాలు వంగినచోటే బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఆ మనిషికి కాళ్ళున్నాయన్న సంగతి సాక్సులు తొడిగేవాళ్ళకే గుర్తుంటుంది.

"కూర్చో పెద్దాయనా!" అని అంతలో గులకరాళ్ళు మోగాయి.

హాలు చివర కిటికీ దగ్గర, పలక లేని మామూలు కుర్చీలో, ఒక బక్కపల్చని మనిషి సగం లేచి, ఆయా కేక విని కూలబడ్డాడు. పోస్ట్‌మాన్ తాత అంటారు ఆయన్ని. ముప్ఫై అయిదేళ్ళు కాలినడకన ఉత్తరాలు పంచిన మనిషి. వచ్చి రెండు నెలలే అయింది. ఇంటినుంచి తొడుక్కొచ్చిన ఆయన పాత చెప్పు తిరగేయనక్కర్లేదు, ఎడమ మడమ వైపు సగం అరిగిపోయి, పక్కనుంచే కనిపిస్తోంది.

"గేటు దాకా వెళ్ళొస్తా" అన్నాడాయన, ఎవర్నీ అడుగుతున్నట్టు కాకుండా.

"సాయంత్రం చూద్దాంలే, కూర్చో" అంది ఆయా. ఆ సాయంత్రం రెండు నెలలుగా రాలేదని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. కందిరీగ అక్కడ నిలబడ్డ పది నిమిషాల్లో ఆయన ఏడుసార్లు లేవబోయాడు. ఏడుసార్లూ ఎవరో ఒకరు కూర్చోమన్నారు. ఒకసారి మేనేజరు, ఒకసారి నేల తుడిచే మనిషి, మిగతా అన్నీ ఆయా. చంటిపిల్లాడిక్కూడా అన్నిసార్లు చెప్పరు.

"ఈయన గురించే మేడమ్, మీతో ఒక చిన్న పని" అని మేనేజరు చంకలోని ఫైలు తెరిచాడు. "మూడో స్థాయి పత్రం. డాక్టరు సంతకం అయింది, కూతురి సంతకం అయింది. మీదొక్కటే మిగిలింది. సోమవారం నుంచి ఈయన కూడా..." అని చెయ్యి చాపి చూపించాడు. గోడవారగా పన్నెండో కుర్చీ, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

స్థాయిల సంగతి చెప్పుకోవాలి. తనంతట తాను నడిచేవాళ్ళు మొదటి స్థాయి. ఒకరు పట్టుకుంటే నడిచేవాళ్ళు రెండు. మూడంటే ఇక నడక లేదు, పలక కుర్చీ. అది ఇష్టమొచ్చినట్టు చెయ్యకూడదని, ఆఫీసు ఒప్పుకుంటేనే చెయ్యాలని నిబంధన.

కందిరీగ కాగితం వైపు చూడనే లేదు. "నడిచే మనిషిని కట్టేస్తారా?"

"అయ్యో, కట్టడమా! మా దగ్గర తాడు ముక్క కూడా ఉండదు మేడమ్. ఇది భోజనం పలక."

"రోజుకి ఎన్ని గంటలు భోంచేస్తారేం వీళ్ళు?"

"భద్రత మేడమ్..."

"ఏడిసినట్టుంది భద్రత! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే రకం మీరు. పడతారని కాళ్ళే లేకుండా చేస్తారా? రేపు పొలమారుతుందని నోరు కుట్టేస్తారేమో! ఈ పదకొండుమందినీ ఇలా కూర్చోబెట్టమని ఎవడు చెప్పాడు మీకు? ఏ తలకాయ లేనివాడు ఒప్పుకున్నాడు? చూపించండి, వాడి పేరు ముందు రాసుకుంటాను."

మేనేజరు నిజంగానే బిత్తరపోయాడు. ఎగతాళి లేదు, పగ లేదు, పాపం ఆ మనిషికి అంత తెలివి కూడా లేదు. ఫైలు వెనక పేజీలు తిప్పి రెండు చేతులతో అందించాడు.

"మీరే కదా మేడమ్."

పదకొండు పత్రాలు. పదకొండింటి కిందా ఆకుపచ్చ సిరాతో ఆవిడ సంతకం, ఆఖరి అక్షరం తోక పైకి విసిరేసే ఆ విసురుతో సహా.

గురువారం గురువారం ఆవిడ బల్ల మీదికి ఇలాంటి కాగితాలు దొంతరగా వస్తాయి. అన్ని హోములవీ కలిసి. డాక్టరు సంతకం ఉందా, ఉంది. ఇంటివాళ్ళది ఉందా, ఉంది. తేదీ ఉందా, ఉంది. పెట్టెయ్. తేదీ లేదని రెండింటిని తిప్పి పంపింది కూడా, ఎంత నిక్కచ్చి మనిషో! మనిషిని చూడాలని మాత్రం ఏ గురువారమూ తోచలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఈ గింజకి పైగా ఆకుపచ్చ సిరా.

"మీ పట్టిక వచ్చాక మా హోము రూపురేఖలే మారిపోయాయి మేడమ్" అని మేనేజరు ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఎక్కడో పొరపాటు జరిగింది, సర్దాలి అన్నట్టు. "వందకి ఇరవై మార్కులు పడిపోవడాల మీదే కదా. ఒకరు పడితే అయిదు కోత. నలుగురు పడితే ఇరవయ్యీ పోయె. సున్నా అయితే ఇరవైకి ఇరవై. నడిచేవాళ్ళు పడతారు, కూర్చున్నవాళ్ళు పడరు. అంతకుముందు మాకు ఈ లెక్క తెలియదు మేడమ్. రోజూ సాయంత్రం అప్పుడున్నవాళ్ళని తోటలో తిప్పేవాళ్ళం."

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. ఆ పట్టిక రాసింది కందిరీగే. ఉద్యోగంలో చేరిన ఏడాది, వేరే హోములో ఒక ముసలావిడ తడి స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, పిలిచినా ఎవరూ రాక తెల్లారేదాకా ఆ తడిలోనే ఉండిపోయింది. తొమ్మిదో రోజున పోయింది. ఆ కోపంతో కందిరీగ ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా, ఒక్క ఊపున రాసేసింది ఆ పట్టిక. ఆఫీసు మెచ్చుకుంది. అన్ని హోములకీ పంపింది. ఆవిడ దాన్ని చిరగకుండా ప్లాస్టిక్ వేయించి బల్ల మీద పెట్టుకుంది కూడా.

"గేటు దాకా వెళ్ళొస్తా" అని పోస్ట్‌మాన్ తాత మళ్ళీ లేచాడు.

"కూర్చో పె..."

"లేవనియ్యి" అంది కందిరీగ. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మేడమ్, రిస్కు" అన్నాడు మేనేజరు.

"మీరు కూర్చోండి. మీకే మంచిది."

ఆవిడ తాత మోచెయ్యి పట్టుకుంది. ఆయన రెండు కాళ్ళ మీదా బరువు వేసి, ఊగి, నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆయన కూతురు వచ్చింది. బస్సు కండక్టరు. ఒంటి మీద యూనిఫారం, భుజాన టిక్కెట్ల సంచి. రెండు ట్రిప్పుల మధ్య దొరికే అరగంటలో తండ్రిని చూసుకుని పరిగెత్తే మనిషి.

"నాన్నా! కూర్చో! ఎవరండీ ఆయన్ని లేపింది?"

"నేనే" అంది కందిరీగ, తానెవరో చెప్పింది.

"అయితే మీకు తెలియదా? సంతకం పెట్టమని కాగితం వచ్చిందా లేదా?" కూతురు సంచి తీసి కుర్చీలో పడేసింది. "ఇంట్లో పడ్డాడండీ ఈయన. వంటింట్లో. నాలుగు గంటలు నేల మీదే ఉన్నాడు. నేనక్కడ బస్సులో 'ముందుకి జరగండి, ముందుకి జరగండి' అని అరుస్తున్నా. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి... పంచె తడిసిపోయి, ముఖం గోడవైపు తిప్పుకుని..." ఆగింది. "నాకు మా నాన్న కావాలండీ. నడిచే నాన్న కాకపోయినా సరే. బయట ఆ బోర్డు చూసే ఇక్కడ చేర్చాను."

కందిరీగ దగ్గర ఎవరికైనా సరే ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఈ పిల్ల మాత్రం తిట్లకి తగిన మనిషి కాదు. అందుకని ఇప్పటిదాకా ఎవరూ అడగని వాణ్ణి అడిగింది. "మీరేమంటారు పెద్దాయనా?"

తాత ఆలోచించాడు. "అమ్మాయి చెప్పింది నిజమే. పడ్డా. లేవడం చేతకాలేదు. భయమేసింది, అబద్ధమెందుకు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ముప్ఫై అయిదేళ్ళలో అయిదారుసార్లు పడ్డానమ్మా. రెండుసార్లు కుక్కల వల్ల, మిగతావి నా వల్ల. ఉత్తరం మాత్రం ఏనాడూ బురదలో పడనివ్వలేదు." కూతురి వైపు తిరిగాడు. "గేటు దాకా వెళ్ళొస్తానే. నువ్వూ రా."

వెళ్ళారు. ఒక పక్క కూతురు, ఒక పక్క కందిరీగ, వెనక మేనేజరు రెండు చేతులూ ముందుకు చాపి, గాలిపటం పట్టుకోబోతున్నట్టు. హాలు దాటారు, బోర్డు దాటారు, వరండా దాటారు. తాత కాళ్ళు మొదట ఈడ్చుకుంటూ పడ్డాయి, పది అడుగులయ్యాక గుర్తు తెచ్చుకున్నాయి. ఆయన ముఖం చూసి కూతురు పట్టు కాస్త వదులు చేసింది. గేటు ఇంకో ఇరవై అడుగులుందనగా, పక్కన ఇనప కమ్మీ ఉన్న ఏటవాలు మెట్టు దగ్గర, "ఇక వదలండమ్మా, నా నడక నాకు తెలియదా" అని ఇద్దరి చేతులూ విదిలించుకున్నాడు. రెండడుగులు దర్జాగా వేశాడు. మూడోది తడబడింది. ముందుకి, మోకాళ్ళ మీదికి, ఆపైన అరచేతుల మీదికి పడ్డాడు.

పెద్ద ఆయా "ఓలమ్మో" అంది. మేనేజరు మాత్రం పడ్డ మనిషిని చూడలేదు. వెనక్కి తిరిగి, గుమ్మంలోని బోర్డు వైపు చూశాడు.

"చూశారా!" అని కూతురు బావురుమంది. "చూశారా, నేను చెప్పలేదూ! మీ సొమ్మేం పోయింది, ఇప్పుడాయనకేమైనా అయితే?" వంగి తండ్రి చంకల్లో చేతులు పెట్టబోయింది.

"ఎత్తకు" అంది కందిరీగ. మోకాళ్ళ మీద కూర్చుంది. పదేళ్ళుగా కాగితాలు తిప్పిన చేతులు, ఎన్నడో వదిలేసిన పనిని మర్చిపోలేదు. తల తగల్లేదు. తుంటి నొక్కి చూసింది, నొప్పి లేదు. మణికట్టు తిరుగుతోంది. అరచెయ్యి గీరుకుని నాలుగు చుక్కల రక్తం. "పెద్దాయనా, కంగారు లేదు, ఇక్కడ ఎవరికీ బస్సు టైమవలేదు. ముందు పక్కకి దొర్లండి. ఊఁ. ఇప్పుడు చేతుల మీదా మోకాళ్ళ మీదా, చంటిపిల్లాడు పాకినట్టు. ఆ కమ్మీ దాకా పాకండి. పట్టుకున్నారా? బలమున్న కాలు ముందుకి. ఇప్పుడు నేలని తన్నండి."

ఒకసారి జారాడు. తిట్టుకున్నాడు. రెండోసారి కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, తనంతట తనే లేచాడు. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది.

కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇదేనా?" అంది. "ఇంతేనా? ఆ నాలుగు గంటలూ... ఆ వంటింట్లో గట్టు పక్కనే ఉంది. ఇది ఎవరూ చెప్పలేదేంటండీ మాకు?"

కందిరీగ తలొంచుకుని తాత అరచెయ్యి తుడిచింది. ఎవరు చెబుతారు? లేవడం నేర్పినందుకు పట్టికలో ఒక్క మార్కు కూడా లేదు.

గేటు దాకా వెళ్ళారు. తాత గేటు కమ్మీ పట్టుకుని వీధిని అటూ ఇటూ చూశాడు. గేటుకి తగిలించిన ఉత్తరాల పెట్టె మూత ఎత్తి, "తుప్పు పట్టించారు వెధవలు" అని విసుక్కుని, ఇక పదండి అన్నాడు.

తిరిగొచ్చేసరికి మేనేజరు ఫైలుతో సిద్ధంగా ఉన్నాడు. బోర్డు మీద అట్టముక్కలు అప్పటికే మారిపోయాయి, మూడు సున్నాలు. "నమోదు చెయ్యాలి మేడమ్" అన్నాడు ఏడుపుగొంతుతో. "ఎవరి పర్యవేక్షణలో పడ్డాడో అది కూడా రాయాలి. ఆపైన... మీ నిబంధనే, నాలుగో పేజీ. ఆవరణలో పడిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మూడో స్థాయికి మార్చాలి. ఇక మీరు సంతకం పెట్టక తప్పదు."

నిజమే, అది కూడా ఆవిడ రాసిందే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆవిడ కాగితం లాక్కుని, సంతకం పెట్టాల్సిన గడిలోంచి పక్కకి పొంగిపోయేలా రాసింది. "పడ్డాడు. తనిఖీ అధికారి పక్కనుండగానే పడ్డాడు, బాధ్యత ఆమెది. తనంతట తనే లేచాడు. గేటు దాకా నడిచి వచ్చాడు. ఈయన్ని కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను. రోజూ నడిపించాలి." కింద సంతకం చేసి, కలం కూతురికి ఇచ్చింది. "నీ సంతకం కొట్టేస్తావా?"

కూతురు కలం అందుకుంది. "రేపు మళ్ళీ పడితే?"

"పడతాడు. లేస్తాడు."

"ఎముక విరిగితే?"

"విరగదని నేను చెప్పలేను."

"ఒక్క వారం చూస్తానండీ" అంది కూతురు. సంతకం కొట్టెయ్యలేదు. కలం తిరిగిచ్చేసి, తండ్రి చెప్పులు సరిచేసి, టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని బస్సుకి పరిగెత్తింది.

పట్టిక ప్రకారం ఆ హోముకి ఆవేళ పోయినవి అయిదంటే అయిదే మార్కులు. అవి కూడా పోగొట్టింది తనిఖీకి వచ్చిన మనిషే. వందకి తొంభై అయిదు, మళ్ళీ మొదటి ర్యాంకే. పళ్ళు కొరుక్కోవడం తప్ప ఆవిడ చెయ్యగలిగిందేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక్కడ కాలినవి ఆవిడ చేతులు కూడా కావు.

కందిరీగ తిన్నగా హాల్లోకి నడిచింది. ఫైల్లో అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం ముందు వరసలోని ఆ పెద్దావిడదే. పద్నాలుగు నెలల కిందటి సంతకం. బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడి బతుకంతా పనిచేసిన మనిషని కాగితంలో రాసి ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఆ వాక్యం కందిరీగ చదివిందో లేదో ఆవిడకే గుర్తులేదు.

కుర్చీ వెనక్కి వెళ్ళి గడియ తీసింది. పలక పక్కకి జరిపింది.

"భోజనం వేళైందా అమ్మా?" అంది పెద్దావిడ.

"లేదమ్మా. ఒకసారి లేచి నిలబడతారా? నేను పట్టుకుంటాను."

మోకాలి కింద చెయ్యి పెట్టి చాపబోయింది. సాగలేదు. కొంచెం గట్టిగా ప్రయత్నిస్తే పెద్దావిడ "అబ్బా" అంది, అని, నొప్పి పెట్టినందుకు తనే నొచ్చుకున్నట్టు నవ్వింది. రెండో మోకాలూ అంతే. తొడలు చేతికి గుడ్డ తగిలినట్టు తగిలాయి. అడ్డం లేకపోయేసరికి ఒళ్ళు మెల్లగా ముందుకి జారడం మొదలైంది. కందిరీగ తన భుజం అడ్డం పెట్టి ఆపింది.

"మీరెవరమ్మా?" అంది పెద్దావిడ, ఆవిడ చెవి దగ్గర.

"ఆఫీసు నుంచి."

"ఓ, ఆఫీసు మనిషివా తల్లీ! మా మేనేజరు బాబు చెబుతుంటాడు. మీ ఆఫీసులో ఒకావిడ ఉందటగా, మేం పడిపోకుండా కుర్చీలివ్వమని సంతకం పెట్టిందట. మా అందరికీ ఆవిడే పెట్టిందట. నీకు తెలుసా ఆవిడ?"

"తెలుసు."

"కనపడితే చెప్పమ్మా. ఇక్కడికొచ్చాక ఒక్కసారంటే ఒక్కసారి కూడా పడలేదని చెప్పు. ఆవిడ బిడ్డలు చల్లగా ఉండాలి." మాట్లాడుతూనే ఇంకొంచెం జారింది, భయంతో కందిరీగ చీర పట్టుకుంది. "ఆ పలక పెట్టెయ్యమ్మా. పడిపోతానేమో."

కందిరీగ ఆవిడని రెండు చేతులతో వెనక్కి జరిపి కూర్చోబెట్టింది. పలక ముందుకి లాగింది. పట్టుకునే ఉన్నానని చెబుతూ కుర్చీ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, గడియ వేసింది.